మార్గదర్శిని మౌనము వహించిన చోటు

విదేశయాత్ర సంకల్పించిన గృహస్థుడు ప్రయాణమునకు నెలల ముందే మార్గదర్శక గ్రంథమును తెచ్చుకొని, తానింకను చూడని నగరముల వీథులలో, ఎక్కని రైళ్లలో, బసచేయని హోటళ్లలో పుటలవెంట సంచరించుట సర్వసాధారణము. ముందే అంతయు చదివినవానికి చూచుటకేమి మిగులునని ఆక్షేపించువారు కలరు. ఆ యాక్షేపణ నాకు సమ్మతము కాదు. కాని దాని వెనుక నొక ప్రాచీనమైన ప్రశ్న యున్నది. శబ్దమువలన కలిగిన జ్ఞానము సాక్షాద్దర్శనమునకు ద్వారమా, ఆవరణమా?

విద్యారణ్యులు పంచదశిలో దశమపురుషుని కథను ఎత్తుకొని దీనికి సమాధానమిచ్చిరి. పదుగురు నదిని దాటిన పిమ్మట, లెక్కించువాడు తన్ను మరచి తొమ్మండుగురనే కాంచి విలపించుచుండగా, ఆప్తుడొకడు దశముడు జీవించియే యున్నాడని చెప్పినంతనే పరోక్షజ్ఞానమును, ఆ దశముడవు నీవే యని చూపినపుడు అపరోక్షజ్ఞానమును కలిగెను. వస్తువు సన్నిహితమైనచో వాక్యము సాక్షాత్కారమునే ఈయగలదు. దూరమందున్న దానిని గూర్చి ఎంత నిపుణముగా పలికినను, అది యున్నదని మాత్రమే తెలుపగలదు. ఇంట కూర్చుండి చదువుకొన్న మార్గదర్శిని చేయు ఉపకార మంతే. అది స్వల్పమును కాదు. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకి నీటివసతిని, అంగళ్లను, బాట తీరును వ్రాసియుంచగా, 1838లో అచ్చయిన ఆ గ్రంథము తరువాతి యాత్రికునకు చేసినదియు నట్టి సేవయే.

చిక్కు నక్షత్రముతో వచ్చినది. 1827లో కోబ్లెంజ్ నగరమున ప్రచురణసంస్థను స్థాపించిన కార్ల్ బెడెకర్, డబ్బు పుచ్చుకొని వెంట తిరిగి ఊరు చూపువారి పట్టునుండి యాత్రికుని విడిపించి, స్వతంత్రుని చేయవలెనన్న సదుద్దేశముతో గ్రంథములు వెలువరించి, వానియందు ముఖ్యముగ చూడదగినవానికి నక్షత్రపు గుర్తు నుంచెను. దూరము, రుసుము, ద్వారములు తెరచు వేళ అనునవి వస్తువునకు సంబంధించినవి. నక్షత్రమో, అన్యుని చిత్తమున పుట్టిన తీర్పు. దృష్టి వస్తువుపై వ్రాలకమునుపే దాని విలువ నిర్ణీతమై పోవుటచేత, చూడవచ్చినవాడు ఆలయము నెదుట నిలిచియు, ఆ తీర్పు సరియైనదా కాదా యని సరిచూచుకొనుటతోనే కాలము గడపును. 1942లో లూబెక్ పట్టణముపై ఆంగ్లేయులు బాంబులు కురిపించినందుకు ప్రతీకారముగా జర్మనులు ఎక్సెటర్, బాత్, నార్విచ్, యార్క్, కాంటర్‌బరీ పట్టణములపై జరిపిన దాడులకు, ఆ నక్షత్రపు గుర్తులను బట్టియే, బెడెకర్ దాడులని పేరు వచ్చినదను సంగతి తలచినపుడెల్ల నా మనస్సు క్షోభించును. ఆ ఘోరమున గుర్తు వేసినవారి దోషమేమియు లేదు. అయినను, ప్రేమతో చూచినవాడు కట్టిన విలువ, ప్రేమలేనివాని చేతికి అట్లే అందిపోగలదు. చూపు మాత్రము అందదు.

ఇందుకు భిన్నమైన మార్గదర్శకుడొకడు క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమున గ్రీసు దేశమున నుండెను. పౌసేనియస్ ఆ దేశమెల్ల తిరిగి, గుడులను, ప్రతిమలను, సమాధులను పది సంపుటములలో వర్ణించెను. మైసినీ కోటగోడల లోపల సమాధులున్నవన్న అతని వాక్యమును నమ్మియే 1876లో పురాతత్త్వాన్వేషకుడు ష్లీమన్ అచ్చట త్రవ్వించి, బంగారు ముఖకవచములను వెలికిదీసెను. ఇంతటి నిశితదృష్టి గల రచయిత, ఏథెన్సునకు సమీపమున, రహస్యదీక్షలకు నెలవైన ఎల్యూసిస్ క్షేత్రమునకు వచ్చి, ట్రిప్టాలెమస్ ఆలయమును, స్త్రీలు అచ్చటి దేవిని కీర్తించుచు తొలుత నాట్యమాడిన బావిని, ధాన్యము మొట్టమొదట పండినదని చెప్పు పొలమును, కళ్ళమును చూపి, ప్రాకారము కడకు రాగానే, లోపలివానిని వర్ణింపరాదని స్వప్నము నిషేధించినదని వ్రాసి, చాలించెను. దీక్ష పొందనివారు దేనిని చూడరాదో దానిని వినుటయు తగదని అతని యభిప్రాయము.

ఆ దీక్షారహస్యమును వెల్లడించువానికి ఏథెన్సున మరణదండన యుండెడిది గనుక, పూర్వపు భయమే అతనిని వారించినదనవచ్చును. నాకట్లు తోచదు. భయపడినవాడు ఆ ప్రస్తావననే తప్పించుకొని పోవును. ఇతడు చదువరిని గోడవరకు నడిపించి, వాక్కునకు అధికారము ఎంతవరకో తెలిపి, విరమించెను. దాచుటకును, ఎల్ల యెరిగి ఆగుటకును భేదము కలదు.

ఏథెన్సుయాత్ర తలపెట్టినవారు బస్సులను, వేళలను తెలుపు నేటి గ్రంథముతోబాటు పౌసేనియస్ మొదటి సంపుటమునైనను చదివి పోవుట మేలు. 1898లో జేమ్స్ ఫ్రేజర్ విపులవ్యాఖ్యతో ఆరు సంపుటములుగా ప్రకటించిన ఆంగ్లానువాదము కలదు. పౌసేనియస్ చెప్పిన బావి నేటికిని ద్వారము వెలుపల కనబడుచున్నది.