శాస్త్రం, శాస్త్రాభాస: మానసిక చికిత్సలో వైఫల్యం ఎవరిది?

తెలుగులో 'శాస్త్రం' అన్న మాటకు అర్థాలు ఒకదానికొకటి ఎడంగా ఉన్నాయి. భౌతిక శాస్త్రమూ శాస్త్రమే, వాస్తు శాస్త్రమూ శాస్త్రమే. 'శాస్త్రోక్తంగా జరిపించారు' అంటే విధి తప్పకుండా జరిపించారని. 'ఏదో శాస్త్రానికి చేశారు' అంటే మొక్కుబడిగా కానిచ్చారని. శాసించేది శాస్త్రమన్న వ్యుత్పత్తిలో పరీక్ష ప్రసక్తి లేదు. సైన్సుకు పర్యాయంగా మనం వాడే శాస్త్రానికి మాత్రం పరీక్షే ప్రాణం. ఈ అర్థసంకరం నిఘంటువుల వరకే ఆగలేదు. 2001లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 'జ్యోతిర్విజ్ఞానం' పేరిట కోర్సులు ప్రవేశపెట్టదలచినపుడు, హైదరాబాదులోని సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ దానిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ, పిదప సుప్రీంకోర్టులోనూ సవాలు చేశారు. విద్యావిషయాలలో నిపుణుల సంఘం నిర్ణయంలో జోక్యం తగదంటూ సుప్రీంకోర్టు 2004లో అప్పీలును తోసిపుచ్చింది. ఏది శాస్త్రం అన్న ప్రశ్న అక్కడ పాఠ్యప్రణాళికకు సంబంధించినది. మానసిక చికిత్సలో అదే ప్రశ్న రోగి బ్రతుకుకు సంబంధించినది.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. పరీక్షకు నిలబెట్టవలసినది ఆచారాన్ని కాదు, ఆచారం పేరిట చేసే ప్రతిపాదనను. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో భక్తులు కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది తీరాక 108 ప్రదక్షిణలు చేస్తారు. హుండీ లేని గుడి అది. వీసా గురించో పరీక్షా ఫలితం గురించో నిద్రపట్టని యువకుడు అక్కడ తిరిగి తిరిగి కొంత కుదుటపడవచ్చు. దీనిని శాస్త్రాభాస అనడం తగదు, ఎందుకంటే అక్కడ వైద్యపరమైన ప్రతిపాదన ఏదీ లేదు. ఆ ప్రదక్షిణే మెదడులోని రసాయనాలను సరిదిద్దే చికిత్స అని ఒకరు బోర్డు కట్టి, రోగి వాడుతున్న మందులు మాన్పించారనుకుందాం. అప్పుడు ఆ మాట భక్తి పరిధి దాటి, రుజువు చూపవలసిన మాట అవుతుంది. గుడిని, ఈ బోర్డును ఒకే గాటన కట్టే హేతువాద విమర్శ గురి తప్పినదే.

'శాస్త్రాభాస' అన్న పదం 'హేత్వాభాస' వరవడిలో ఏర్పడింది. ఆ వరవడి మనకు పేరుతోపాటు ఒక పరికరాన్ని కూడా ఇస్తుంది. ఆంధ్రదేశీయుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సవ్యభిచార హేతువు భేదాలలో 'అనుపసంహారి'ని చెప్పాడు. ప్రపంచంలోని సమస్తాన్నీ పక్షంగా తీసుకున్నపుడు, హేతువుకు అన్వయ దృష్టాంతం గాని వ్యతిరేక దృష్టాంతం గాని చూపడానికి పక్షానికి వెలుపల ఏమీ మిగలదు. అన్నింటికీ వర్తించడం ఆ హేతువుకు బలంగా కనిపించినా, నిజానికి అదే దాని దోషం. కార్ల్ పాపర్ వేరే దారిలో దీనికి దగ్గరగా వచ్చాడు. 1919లో వియన్నాలో అతడు ఒక పిల్లవాడి ఉదంతం చెప్పగా, ఆల్ఫ్రెడ్ అడ్లర్ పిల్లవాణ్ణి చూడకుండానే తన న్యూనతాభావ సిద్ధాంతంతో సునాయాసంగా వివరించాడట. ఇంత నిశ్చయం ఎలా అంటే, వేయి ఉదంతాల అనుభవమన్నాడట. ఇప్పుడది వేయిన్నొక్కటి అయిందన్నమాట అని పాపర్ చమత్కారం. ప్రతికూల దృష్టాంతానికి చోటివ్వని అనుభవం ఎంత పెరిగినా దాని సంఖ్యే పెరుగుతుంది.

అయితే సిద్ధాంతం ఖండనార్హమా కాదా అన్న ఒక్క ప్రమాణంతో చికిత్సను తేల్చలేము. ఫ్రాయిడ్ ప్రతిపాదనలు ఖండనార్హమైనవేనని, సమస్య వాటికి చాలినంత ఆధారం లేకపోవడమేనని అడాల్ఫ్ గ్రూన్‌బాం 1984లో వాదించాడు. ఈ వ్యాసకర్త దృష్టిలో చికిత్స విషయమై అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. చికిత్స ఫలించనపుడు ఆ వైఫల్యం ఎవరి ఖాతాలో పడుతుంది?

పూర్వజన్మ స్మృతి చికిత్సనే తీసుకుందాం. రోగిని సమ్మోహన స్థితిలోకి తీసుకుపోయి, గతజన్మ ఘటనను చెప్పించి, నేటి భయానికి మూలం అదేనంటారు. సమ్మోహనంలో చెప్పిన జ్ఞాపకాలపై చెప్పినవారికి నమ్మకం పెరుగుతుంది గాని వాటి యథార్థత పెరగదు. ఆ సంగతి అలా ఉంచినా, భయం తగ్గితే చికిత్స ఫలించినట్లు. తగ్గకపోతే ఇంకా వెనుకటి జన్మ ఏదో మిగిలి ఉన్నట్లు, లేదా రోగి మనస్ఫూర్తిగా సహకరించనట్లు. ఏ వైపు తిరిగినా సిద్ధాంతానికి నష్టం లేదు. డబ్బు, కాలం, ఆశ పోగొట్టుకున్న మనిషికి 'నాలోనే లోపం' అన్న భారం అదనం. కుంగుబాటుతో వచ్చినవారికి ఆ భారం మోయించడం చిన్న అపచారం కాదు. తనను తాను నిందించుకోవడం ఆ రుగ్మత లక్షణాలలోనే ఒకటి.

'నాకు తగ్గింది కదా' అన్న సాక్ష్యాన్ని తేలికగా తీసిపారవేయకూడదు, అలాగని దానినే రుజువుగా స్వీకరించకూడదు. మనుషులు చికిత్సకు వచ్చేది బాధ ముదిరినపుడు. ముదిరిన బాధ చాలాసార్లు తనంత తానే కొంత దిగుతుంది. ఒకరు గంటసేపు శ్రద్ధగా వినడం కూడా మేలు చేస్తుంది. 1784లో మెస్మర్ 'జంతు అయస్కాంతత్వాన్ని' పరీక్షించిన పారిస్ సంఘంలో ఫ్రాంక్లిన్, లవోజియే ఉన్నారు. కళ్లకు గంతలు కట్టినవారు అయస్కాంతశక్తి తమపై ప్రసరిస్తున్నదని అనుకున్నపుడు మూర్ఛలు వచ్చాయి. వారికి తెలియకుండా ప్రసరింపజేసినపుడు రాలేదు. ఫలితం నిజమే, చెప్పిన కారణమే నిజం కాదు. ఈ విడదీత నేటి చికిత్సల పరీక్షకూ అంతే అవసరం.

ఆధునిక వైద్యం ఈ పరీక్షలో ఎల్లవేళలా నెగ్గిందనడానికి వీలులేదు. మెదడు ముందు భాగపు నాడీ సంబంధాలను తెగగొట్టే శస్త్రచికిత్సకు ఎగాస్ మోనిజ్ 1949లో నోబెల్ బహుమతి పొందాడు. స్వలింగానురక్తిని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973 వరకు రుగ్మతల పట్టికలో ఉంచింది. దానిని 'మాన్పిస్తామన్న' వారు, మారనివారికి సంకల్పబలం చాలలేదన్నారు. ఇక్కడా వైఫల్యం రోగి ఖాతాలోనే పడింది. మన దేశంలో అటువంటి 'మార్పిడి చికిత్స'ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ ప్రకటించడానికి 2022 దాకా పట్టింది. ఆలస్యం క్షమించరానిదే. అయినా ఆ తప్పును తప్పుగా నమోదు చేసే మార్గం ఆ వ్యవస్థలో ఉండబట్టే అది పట్టిక నుండి తొలగింది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో రెండు గొంతులతో మాట్లాడుతుంది. మానసిక రుగ్మతను జాతీయ, అంతర్జాతీయ వైద్య ప్రమాణాలను బట్టే నిర్ధారించాలంటుంది. మత్తు ఇవ్వకుండా విద్యుదాఘాత చికిత్స చేయరాదంటుంది. అదే చట్టం మానసిక ఆరోగ్య వృత్తినిపుణుల నిర్వచనంలో ఆయుర్వేద, హోమియో, యునాని, సిద్ధ వైద్యాలలో సంబంధిత స్నాతకోత్తర పట్టా పొందినవారినీ చేర్చింది. ఏ విధానపు మందుకైనా ఒకే రకమైన పరీక్ష ఉంటే ఈ చేర్పుపై అభ్యంతరం ఉండనక్కరలేదు. పట్టానే పరీక్షకు బదులుగా నిలబెడితే మాత్రం 'శాస్త్రం' తిరిగి శాసనార్థానికే చేరుతుంది.

తెలుగు శాఖలకు ఇందులో ప్రత్యక్షమైన పని ఒకటి ఉంది. 'చివరకు మిగిలేది' నవలలో దయానిధిని తల్లిపై వచ్చిన అపవాదు వెంటాడటాన్ని ఫ్రాయిడ్ పరిభాషలో వివరించవచ్చు. ఆ వివరణ తప్పయినా దయానిధికి వచ్చే నష్టం లేదు, మరో విమర్శకుడు మరో వివరణతో వస్తాడు. ఆ స్వేచ్ఛ వైద్యుడికి లేదు. పరిశోధన గ్రంథాలలో 'మనోవిశ్లేషణ శాస్త్రం ప్రకారం' అని మొదలయ్యే వాక్యం పాఠకుడికి నవలను గురించి ఎంత చెబుతున్నదో, మానవుడి మనస్సును గురించి నిరూపితమైనదిగా ఏమి చెబుతున్నదో వేరుచేసి రాయడం కష్టమేమీ కాదు. 'ప్రకారం' అన్న చోట 'దృష్టితో చూస్తే' అని దిద్దితే చాలా వాక్యాలు నిలుస్తాయి. దిద్దినా నిలవని వాక్యాలు ఏవో పర్యవేక్షకుల దృష్టికి రావాలి.