పాత్రల మీద పెత్తనం

తన పాత్రలు తన మాట వినడం లేదని చెప్పుకోవడం రచయితలకు చాలాకాలంగా వున్న అలవాటు. 1927లో నవలను గురించి చేసిన ఉపన్యాసాలలో ఫార్‌స్టర్ పాత్రలు తిరుగుబాటు చేస్తాయన్నాడు. నబొకోవ్‌కు యీ మాట వింటే ఒళ్ళు మండేది. తన పాత్రలు ఓడలో తెడ్లు వేసే బానిసలేనని 1967లో తేల్చేశాడు. మన సభలలో మాత్రం మొదటి రకం మాటకే చప్పట్లు ఎక్కువ. అదేదో పూనకం వంటి వ్యవహారమని శ్రోతలు ముచ్చటపడతారు. నాకు యీ ముచ్చట ఎన్నడూ పూర్తిగా రుచించలేదు. కలం రచయితది, రాసింది కొట్టివేసే అధికారం రచయితది. లేని మనిషి వున్న మనిషిని ధిక్కరించడమేమిటి? అయితే యీ మాట అన్నవాళ్ళలో కొందరు గొప్పలకు పోయేవాళ్ళు కారు. అంచేత దీన్ని ఊరికే కొట్టిపారెయ్యడానికీ వీల్లేదు.

టాల్‌స్టాయ్ సంగతే చూడండి. "అనా కరెనినా" రాస్తున్న రోజులలో, 1876లో, విమర్శకుడు స్త్రాఖోవ్‌కు ఒక ఉత్తరం రాశాడు. అనా భర్తను కలుసుకున్న తరువాత వ్రాన్‌స్కీ మనఃస్థితిని గురించిన అధ్యాయాన్ని దిద్దుకుంటూ వుండగా, తాను బొత్తిగా అనుకోకుండానే వ్రాన్‌స్కీ తుపాకితో కాల్చుకున్నాడట. తరువాతి కథకు అది అవసరమేనని పిమ్మట తేలిందట. ఇందులో మాయ ఏమీ లేదు. వ్రాన్‌స్కీ ఎవరు? సైన్యంలో అధికారి, ప్రభువంశీకుడు, పరువును గురించి తన వర్గం తయారుచేసి పెట్టిన నియమాల ప్రకారం బతికేవాడు. తాను ఎవరిని వంచించాడో ఆ భర్త, భార్య చావుబతుకులలో వున్న మంచం దగ్గర తనను క్షమించాడు. ద్వంద్వయుద్ధానికి పిలిస్తే ఏం చెయ్యాలో ఆ నియమాలలో వుంది. క్షమిస్తే ఏం చెయ్యాలో లేదు. అలాంటి మనిషిని అలాంటి గదిలోంచి బయటికి పంపాక, అతడు ఏం చేస్తాడన్నది రచయిత సరదాకు సంబంధించిన విషయం కాదు. టాల్‌స్టాయ్‌కు జవాబు ముందుగా తట్టలేదు, అంతే. జవాబు ఆ మనిషి పుట్టుకలోనూ కొలువులోనూ వుంది.

కాబట్టి ఎదురు తిరిగేది పాత్ర కాదు. పాత్రను తయారు చెయ్యడానికి రచయిత సమాజం నుంచి తెచ్చుకున్న సరుకు ఎదురు తిరుగుతుంది. వడ్రంగి కర్రను తనకు కావలసిన ఆకారానికే తెస్తాడు. కాని నార ఎటు వుందో చూసుకోకుండా చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి.

బాల్జాక్ రాజరికాన్ని కోరినవాడు, ప్రభువర్గం పతనాన్ని చూసి కన్నీరు పెట్టినవాడు. అయినా అతని నవలలలో అందరికన్నా చేదయిన ఎగతాళికి గురయ్యేది ఆ ప్రభువులే. అతడు మనసారా మెచ్చుకున్నది తన రాజకీయ శత్రువులైన రిపబ్లికన్లను. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ దీన్ని వాస్తవికత సాధించిన గొప్ప విజయాలలో లెక్కవేశాడు. ఈ భాగం మనవాళ్ళందరికీ కంఠస్థమే. కాని అదే ఉత్తరంలోని ఆక్షేపణను అంతమంది గుర్తు పెట్టుకున్నట్టు కనిపించదు. హార్క్‌నెస్ నవల "సిటీ గర్ల్"లో లండన్ శ్రామికులు తమకు తాము ఏమీ చేసుకోలేని, పైనుంచి ఎవరో వచ్చి లేవదియ్యవలసిన జనంగా కనిపిస్తున్నారని ఎంగెల్స్ అన్నాడు. అంటే ఒకే ఉత్తరంలో, రచయిత ఇష్టాన్ని దాటిపోయిన పాత్రలకు మెప్పూ, రచయిత దయకు లోబడిపోయిన పాత్రలకు మందలింపూ వున్నాయి. అంతకు చాలా ముందే, 1859లో, లసాల్ రాసిన నాటకం విషయంలో మార్క్స్ కూడా పాత్రలు యుగధర్మానికి ఉత్త బాకాలు కాకూడదని హెచ్చరించాడు.

మనం యీ హెచ్చరికను ఏం చేశాం? మన కథలలో రైతుకూలీ మొదటి పేజీలో గంజి కోసం ఏడుస్తాడు, ఆఖరి పేజీలో సంపాదకీయం చదువుతాడు. నడుమ అతనికి భయం వెయ్యడానికి వీల్లేదు. కామందు ఇంట్లో పెళ్ళికి పందిరి వేస్తూ కాసేపు సంబరపడడానికి వీల్లేదు. సంఘం నాయకుడి మీద విసుక్కోడానికి అసలే వీల్లేదు. రచయిత మేస్త్రీలాగా నెత్తిన నిలబడి మాట మాటకూ లెక్క చూసుకుంటూ వుంటాడు. దీన్ని శిల్పలోపమని విమర్శకులు సరిపుచ్చుతారు. ఇది శిల్పానికి సంబంధించిన లోపం కాదని నా అభిప్రాయం. ఎవరికి భూమి మీద హక్కు కావాలని మనం కేకలు వేస్తున్నామో, ఆ మనిషికి తన నోటి మీద హక్కు ఇవ్వడానికి జంకడం. కాగితం మీద నమ్మలేని మనిషిని రేపు సంఘంలో మాత్రం నమ్ముతామా?

గురజాడ పద్ధతి వేరు. "కన్యాశుల్కం" 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంగా మళ్ళీ వచ్చింది. ఈ రెండో కూర్పులోనే మధురవాణి నాటకాన్ని నడిపే మనిషిగా ఎదిగింది. సానివాళ్ళ ఆటపాటలను బహిష్కరించాలని సంస్కర్తలు ఉద్యమం నడుపుతున్న కాలమది. ఆ ఉద్యమం లెక్కలో వేశ్యకు రెండే వేషాలు: చెరిచేది, లేదా పశ్చాత్తాపపడేది. మధురవాణి రెండూ కాదు. ఆమెకు బుద్ధి వుంది, హాస్యం వుంది, ఎవరిని ఎంతవరకు నమ్మాలో లెక్క వుంది. సంస్కరణను మనసారా కోరిన గురజాడ, సంస్కర్త సౌజన్యారావు పంతులును ఆమె ముందు నిలబెట్టి, అతని నియమం ఎంత ఇరుకైనదో చూపించాడు.

ఇదంతా మధురవాణి తనంత తాను చేసుకున్నది అనడం గురజాడకు అన్యాయం. రెండు కూర్పుల నడుమ పన్నెండేళ్ళున్నాయి. ఆ పన్నెండేళ్ళలో ఎదిగింది గురజాడ చూపు. పెత్తనం సడలించడం కూడా రచయిత పూనుకొని చెయ్యవలసిన పనే. అది దానంతటది జరగదు. ఇంతకూ చివరి రంగంలో సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇస్తాడు. అది మధురవాణికి కావలసిందా, గురజాడకు కావలసిందా అని విద్యార్థులు అడుగుతూ వుంటారు. నాకైతే అక్కడ రచయిత చెయ్యే కనబడుతుంది.

"మాలపల్లి"లోనూ ఇలాంటి పెనుగులాటే వుంది. ఉన్నవ గాంధీ మార్గాన్ని నమ్మి, జైలులో వుండి ఆ నవల రాశాడు. అతని మనసు రామదాసు సహనం వైపు మొగ్గుతుంది. అయినా రామదాసు కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ధనికులను దోచి పేదలకు పంచుతాడు. ఉన్నవ అతని దారిని ఒప్పుకోలేదు, కాని అతన్ని ఆ దారి పట్టించిన అన్యాయాన్ని దాచలేదు. మద్రాసు ప్రభుత్వం నవలను నిషేధించింది.

ఇక్కడ ఒక చిక్కు వుంది. పాత్రకు స్వేచ్ఛ ఇవ్వాలంటే, దాన్ని అడ్డం పెట్టుకునేవాళ్ళు వెంటనే బయలుదేరుతారు. కులాన్ని తూలనాడే మాటలూ, ఆడదాన్ని అంగడి సరుకు చేసే మాటలూ పాత్ర నోట పెట్టి, అడిగితే "అది పాత్ర స్వభావమండీ, నేనేం చెయ్యను?" అంటారు. ఈ జవాబు చెల్లదు. పాత్ర అన్న మాటలు రచయిత అభిప్రాయాలు కావు, నిజమే. కాని ఆ మాట పడ్డ మనిషి కథలో వున్నాడా, వుంటే అతనికి నోరుందా, అతని బాధ పాఠకుడికి వినిపించిందా అన్నది పూర్తిగా రచయిత చేతిలో వున్న విషయం. గిరీశం మాటలకు గురజాడను నిలదియ్యనక్కరలేదు. గిరీశం మాట్లాడుతూ వుంటే పక్కన మధురవాణిని కూడా కూర్చోబెట్టినందుకు గురజాడను మెచ్చుకోవాలి.

ఈ తేడాను పాలకులు గుర్తించరు. మన పక్షాన వున్న పాలకులూ గుర్తించలేదు. విదేశాలలో మారుపేర్లతో కథలు అచ్చువేయించినందుకు 1966లో మాస్కోలో సిన్యావ్‌స్కీ, డానియేల్‌ల మీద విచారణ జరిగింది. కథలలో పాత్రలు అన్న మాటలను ప్రాసిక్యూషన్ రచయితల నేరాంగీకారాలలాగా చదివింది. ఒకరికి ఏడేళ్ళు, మరొకరికి ఐదేళ్ళు శిక్ష వేశారు. ఫ్రెంచి కమ్యూనిస్టు కవి అరాగాఁ తన పార్టీ పత్రికలోనే దీన్ని ఖండించాడు. ముందు సంవత్సరమే నోబెల్ బహుమతి అందుకున్న షోలొఖోవ్ మాత్రం పార్టీ మహాసభ వేదిక మీద, ఆ శిక్ష చాలా తక్కువన్న ధోరణిలో మాట్లాడాడు.

ఆ షోలొఖోవే ఒకప్పుడు "డాన్" నవలలో గ్రిగొరీ మెలెఖోవ్‌ను బోల్షివిక్‌గా మార్చమని సాటి రచయితలు ఒత్తిడి తెస్తే ఒప్పుకోలేదు. అతడు ఎటు పోతాడో అటే పోనిచ్చాడు. 1940లో అచ్చయిన ఆఖరి భాగంలో గ్రిగొరీ ఎర్రవాళ్ళ పక్షానా లేడు, తెల్లవాళ్ళ పక్షానా లేడు. తుపాకి డాన్ నదిలో పారేసి, ఇంటికి నడిచి వచ్చి, మిగిలిన ఒక్క కొడుకును ఎత్తుకొని వాకిట్లో నిలబడ్డాడు.