లక్కమ్మ అడిగిన ప్రశ్న



కళ్యాణ పట్టణమున బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే ఆయన ధర్మపత్ని లక్కమ్మ వంటచేసి జంగమ దాసోహము సాగించెడిది. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకంటె అధికముగా బియ్యము తెచ్చెను. ఇంటికి ఎక్కువ వచ్చినదని లక్కమ్మ సంతసింపలేదు. ఈ ఎక్కువ ఎందుకు వచ్చినదని ప్రశ్నించెను. అక్కరకు మించిన బియ్యమును తెచ్చినచోటనే పోసిరమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ కథ వినని వీరశైవ గృహము అరుదు. మఠములలో ప్రవచనము జరుగునప్పుడు అందరును తల యూపుచు విందురు. ఆ యింటికే, హైదరాబాదులో కుమారునకు సాఫ్ట్‌వేర్ కొలువు దొరకినదని కబురు వచ్చిననాడు మొట్టమొదట వెలువడు ప్రశ్న మాత్రము వేరు: ప్యాకేజీ ఎంత? పెండ్లిచూపులలోను అదే ప్రశ్న. ఆ ధనము ఏ పనివలన వచ్చుచున్నది, ఎవరి చేతినుండి వచ్చుచున్నది అని అడిగిన వియ్యంకులను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

కంప్యూటరు ముందు కూర్చుండి చేయు పని కాయకమే కాదని తలచు పెద్దలు కొందరు గలరు. మగ్గము నేయుట, త్రాడు పేనుట, కట్టెలమోపు మోయుట మాత్రమే కాయకములని వారి భావము. అది సరికాదు. బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని కొలువున భాండాగారము చూచిన ఉద్యోగి. లెక్కలు వ్రాసి జీతము గొన్నవాడు. రాజధనమును జంగములకు ఖర్చుపెట్టుచున్నాడని కొండెగాండ్రు రాజు చెవిలో ఊదినప్పుడు ఆయన భాండాగారము తెరపించి లెక్క ఒప్పజెప్పిన వృత్తాంతము సుప్రసిద్ధము. కావున జీతపు కొలువు కాయకము కాకపోదు. అయితే తెరచి చూపగల కొలువు కావలెను. శరణులు సత్యశుద్ధకాయకము అన్నమాటను ఊరక వాడలేదు. కాయకమునకు ముందు ఆ రెండు విశేషణములు చేర్చుటలోనే వారి నిబంధన యంతయు ఉన్నది.

ఒక యువకుని సంగతి ఊహింతము. జహీరాబాదు ప్రాంతపు రైతుబిడ్డ. నాలుగేండ్ల అనుభవము గలవాడు. అతనికి రెండు ఆఫర్ లెటర్లు వచ్చినవి. ఒకటి ఆసుపత్రులలో రోగుల వివరములను భద్రపరచు సాఫ్ట్‌వేర్ సంస్థది. ఏటికి 12 లక్షలు. రెండవది సెల్‌ఫోనులో అయిదు నిమిషములలో అప్పు ఇచ్చు యాప్ నడుపు సంస్థది. ఏటికి 18 లక్షలు. నెలకు యాబదివేల వ్యత్యాసము. తండ్రి బోరుబావికై చేసిన అప్పు తీరలేదు, చెల్లెలి వివాహము చేయవలసియున్నది. ఇట్టివానితో ధనము తృణప్రాయమని పలుకుట సులభము. పలికినవారు ఆ అప్పు తీర్పరు.

అప్పు ఇచ్చుటయే పాపమని కాదు. అక్కరలో ఉన్నవానికి న్యాయమైన వడ్డీకి అప్పు దొరకుట మేలే. చూడవలసినది ఆ అప్పును రాబట్టు విధము. 2020వ సంవత్సరాంతమున తెలంగాణమున జరిగిన దారుణములు ఇంకను మరపునకు రాలేదు. అప్పు తీసికొన్నవాని ఫోనులోని పేర్లు, నంబర్లు, ఛాయాచిత్రములు అన్నియు యాప్ లాగుకొనెడిది. వాయిదా తప్పినంతనే మేనమామకు, తోటి ఉద్యోగులకు, చిన్ననాటి స్నేహితులకు దూషణలతో ఫోన్లు పోయెడివి. అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారు ఉన్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి పలువురిని నిర్బంధించిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇట్టి యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను, ఫైళ్ళను, కాల్ వివరములను తాకరాదని మార్గదర్శకములు వెలువరించినది. ఏడాదికి మొత్తము వడ్డీభారము ఎంతయో ముందే తెలుపవలెనని, అప్పు వద్దనుకొన్నవాడు నిర్ణీతమైన గడువులో తిరిగియిచ్చి బయటపడు వీలుండవలెనని కూడ శాసించినది. అయినను నియమములకు వెలుపల నడచు యాప్‌లు పుట్టుచునే యున్నవి.

ఇప్పుడు విచారింపవలసినది ఒకటి గలదు. ఫోన్ చేసి తిట్టినవాడు వేరు, ఆత్మహత్యకు కారకుడని పోలీసులు పట్టుకొన్నవాడు వేరు. కాని ఆ పేర్ల పట్టికను ఫోనునుండి లాగుకొను పది పంక్తుల ప్రోగ్రామును ఎవడో ఒక యువకుడు వ్రాసియుండవలెను గదా! చల్లని గదిలో, కాఫీ త్రాగుచు, తనకిచ్చిన పనిని గడువులోపల ముగించితినని తృప్తిపడి వ్రాసియుండును. అతడు ఎవరినీ తిట్టలేదు. ఎవరి ముఖమును చూడలేదు. సాఫ్ట్‌వేర్ కాయకమునకు గల చిక్కు ఇదియే. త్రాడు పేనినవాడు ఆ త్రాడు ఎద్దు మెడలో పడినదో బావిలో చేదకు కట్టబడినదో ఊరిలోనే చూచును. ప్రోగ్రాము వ్రాసినవానికి అది చేరు ఇల్లు కనబడదు. కనబడదు గనుక అడిగి తెలిసికొనవలసిన బాధ్యత అతనికి హెచ్చు.

పైవారు చెప్పినారు, నేను చేసినాను అను సమాధానము చెల్లదనుటకు ఒక జర్మను ఉదాహరణ గలదు. ఫోక్స్‌వాగన్ సంస్థ డీజిలు కార్లలో ఒక సాఫ్ట్‌వేర్ అమర్చినది. కారు పరీక్షాశాలలో ఉన్నదని గ్రహించినప్పుడు అది పొగలోని విషవాయువును అదుపులో ఉంచెడిది, రోడ్డుపై వదలివేసెడిది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ దీనిని బయటపెట్టినది. ప్రపంచమున దాదాపు కోటి పదిలక్షల కార్లలో ఈ మోసము ఉన్నదని సంస్థయే ఒప్పుకొన్నది. 2017లో ఆ సంస్థ ఇంజనీరు ఒకనికి అమెరికా న్యాయస్థానము 40 నెలల కారాగారము విధించినది. ఆయన జీతగాడే గాని సంస్థకు యజమాని కాడు.

చట్టము వచ్చినప్పుడు చూచుకొందమను వాదము కూడ వినబడుచుండును. డబ్బుపందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినవి. దేశమంతటికి పార్లమెంటు చట్టము చేసినది 2025 ఆగస్టులో. నడుమ గడచిన ఏండ్లలో రమ్మీలో జీతమంతయు పోగొట్టుకొని ఇంటికి వచ్చిన భర్తలను చూచిన ఇల్లాండ్రకు ఆ పని మంచిదో చెడ్డదో తెలియుటకు చట్టము అక్కరలేకపోయినది.

అప్పు యాప్‌లు, పందెపు ఆటలు స్పష్టమైన సంగతులు. అస్పష్టమైనవి అనేకము. వస్తువు కొనబోవువానికి తెలియకయే బుట్టలో మరియొక వస్తువు చేర్చుట, ఇంక రెండే మిగిలినవని అబద్ధపు తొందర కల్పించుట వంటి పదమూడు మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో పేర్కొని నిషేధించినది. అవి వ్రాయుమని చెప్పబడినవాడు మంచి పేరుగల సంస్థలోనే ఉండవచ్చును. ఎంతటి నిర్మలమైన సంస్థలోనైనను ఏదో ఒకనాడు ఇట్టి పని బల్లపైకి వచ్చును. కొలువు ఎంచుకొనునాడే ఈ పరీక్ష ముగిసిపోదు. బసవేశ్వరుడును బిజ్జలుని కొలువులో చాలకాలము ఉండెను. హరళయ్య, మధువరసులకు రాజు విధించిన ఘోరశిక్షానంతరము కళ్యాణము విడిచి కూడలసంగమమునకు తరలెను. ప్రవేశించుటకు ఒక విచారణ, నిలుచుటకు ఒక విచారణ, వెడలుటకు ఒక విచారణ.

రేయింబవళ్ళు తారుమారైన షిఫ్టులలో ఇష్టలింగార్చనకు వేళ దొరకునా యని కొందరు తల్లులు దిగులుపడుదురు. వేళను సవరించుకొనవచ్చును, ఆ దిగులు చిన్నది. దానికంటె పెద్దది మరియొకటి ఉన్నది. లేని మూడేండ్ల అనుభవమును ఉన్నట్లు కాగితములు పుట్టించి కొలువు సంపాదించుట నేడు సామాన్యమైపోయినది. అందరును చేయుచున్నారు గదా అని తండ్రులే రుసుము చెల్లించుచున్నారు. మెడలో లింగము ధరించిన కుమారునకు తొలి జీతము అబద్ధపు పత్రముమీద రావలెనని కోరిన తండ్రి, తరువాత అతడు ఏ సంస్థలో ఏ పని చేయుచున్నాడని అడుగుటకు నోరు పెగలదు.

మరల జహీరాబాదు యువకుని వద్దకు. అతడు రెండవ సంస్థను వెంటనే త్రోసిపుచ్చవలసిన పని లేదు. విచారించినచో అది రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థకై న్యాయముగా పనిచేయునదే కావచ్చును. అప్పుడు యాబదివేలు అదనముగా రావటములో దోషము లేదు. చెల్లెలి వివాహమునకు, దాసోహమునకు ఉపయోగపడును. అప్పు ఇచ్చువారు ఎవరు, వడ్డీ ఎంత, వాయిదా తప్పినవానిని ఎట్లు పలుకరింతురు అని ఇంటర్వ్యూ చేసినవారినే అడుగవలెను. సూటిగా జవాబు చెప్పువారున్నారు. ఇట్టి ప్రశ్నలు మీకెందుకని నవ్వువారును ఉన్నారు. ఆ నవ్వు కూడ జవాబే.

ఇప్పటి కొలువు విడుచుటకు నోటీసు కాలము సాధారణముగా తొంబది దినములు. ఆలోచించుటకు అది చాలినంత వ్యవధి. అందులో ఒక ఆదివారము అతడు ఊరికి పోయి, తల్లి ఫోనులో ఆ యాప్ తెరచి, అది ఏయే అనుమతులు కోరుచున్నదో, వేటినీ ఒప్పుకొనకయే, ఒక్కొక్కటిగా ఆమెకు చదివి వినిపింపవచ్చును.