బయటికి వెళ్ళిన గది

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 4:29–33, ఫిలేమోను 8–22



అరణ్యములో ఇశ్రాయేలీయులకున్న ప్రత్యక్ష గుడారము కదలెడి ఇల్లు. దానికి 48 పలకలు. ఒక్కొక్క పలకకు రెండేసి కుసులు. ఆ కుసులు దిగుటకు 96 వెండి దిమ్మలు. మేఘము లేచినప్పుడెల్ల దానిని విప్పవలెను, మేఘము నిలిచినచోట మరల నిలువబెట్టవలెను. పలకలు మోయు పని మెరారీయులది. వారికి 4 బండ్లు, 8 ఎద్దులు ఇయ్యబడెను. వారు మోయు వస్తువులను పేరు పేరున లెక్కించి అప్పగింపవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఏలయన ఇల్లు విప్పుట ఎవరికైనను చేతనగును. విప్పినది తిరిగి తన చోట చక్కగా కూర్చుండుటలోనే కష్టమున్నది.

మన కాలమందును కదలెడి ఇండ్లు ఉన్నవి. అమెరికాలో వాటిని మోటార్‌హోమ్‌లందురు. బస్సంత బండిలోనే మంచము, పొయ్యి, నీళ్ళతొట్టి ఉండును. ఇండియానా రాష్ట్రములోని ఎల్ఖార్ట్ జిల్లా ఈ బండ్ల తయారీకి పేరుపొందినది. అచ్చటి పనివారిలో మెన్నొనైటు క్రైస్తవులు అనేకులున్నారు. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలకు సువార్త తెచ్చినవారిలో మెన్నొనైటు బ్రదరన్ మిషనెరీలు ఉండిరి గనుక ఆ పేరు మనకు క్రొత్తది కాదు. 1990లో అక్కడి న్యూమార్ కంపెనీవారు బండి ప్రక్కగోడలో సొరుగువంటి గదిని అమర్చసాగిరి. బండి నిలిచినప్పుడు ఆ గది రెండు మూడడుగులు బయటికి వచ్చును. బయలుదేరుటకు ముందు లోపలికి పోవును.

ఇట్టి అనేక బండ్లలో గది అడుగున పళ్ళున్న రెండు ఇనుప పట్టాలుండును. పళ్ళచక్రములు వాటిని పట్టి నడిపించును. ఆ రెండు చక్రములను ఒకే ఇరుసు కలుపును గనుక రెండు ప్రక్కలును సమానముగా జరుగును. చుట్టునున్న రబ్బరు పట్టీ వాన నీటిని ఆపును. అయితే ఇరుసు బోల్టు సడలినను, పళ్ళు జారినను, పట్టాలో రాయి ఇరికినను, ఒక ప్రక్క ముందుకు పోయి రెండవ ప్రక్క వెనుకబడును. అప్పుడు గది వంకరయై గోడ సందులో బిగిసిపోవును.

తెలియనివాడు మీట నొక్కుచునే యుండును. మోటారు మూలుగును, పళ్ళు విరుగును, పట్టాలు వంగును. ఒక మూల వేలెడు సందు మిగిలినను చాలును. నీరు దిగి నేలపలకను క్రిందనుండి కుళ్ళజేయును. పైనుండి చూచువానికి చాలకాలము వరకు ఏమియు కనబడదు.

తెలిసిన మేస్త్రీ మొదటనే పానా పట్టడు. ముందు బండినే చూచును. బండి ఎగుడుదిగుడు నేలమీద నిలిచినయెడల దాని చట్రమే మెలిపడును. గదిలో తప్పు లేకున్నను గది పట్టుకొనును. గనుక బండిని చదునుచోట నిలిపి, జాకీలు వేసి, రసమట్టము పెట్టి సరిచేయును. తరువాత పట్టాలు తుడిచి నాలుగు మూలల సందులు కొలుచును. ఆ తరువాతనే వెనుకబడిన ప్రక్క బోల్టు సడలించి, కొంచెము మాత్రమే జరిపి, బిగించి, గదిని నడిపి, మరల కొలుచును. వానకాలములో మన ఇంటి దర్వాజ పట్టుకొన్నప్పుడును ఇంతియే గదా! కోపముతో తన్నువాడు బందులు ఊడగొట్టును. వడ్లాయన ఎక్కడ రాసికొనుచున్నదో చూచి అక్కడనే చిత్రిక పట్టును.

ప్రియులారా, మన ఊళ్ళలో బయటికి వెళ్ళిన గదులు లేవా? పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టుటకు ఎంత దూరమో పోయిరి. బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు మన బిడ్డలు పోవుచునే యున్నారు. కొందరు సముద్రము దాటిరి. బ్రదుకుటకు పోవుట పాపము కాదు. అది ఇల్లు విశాలమగుట. కాని పండుగకు తిరిగి వచ్చిన కుమారుని మాట వేరు, అలవాటు వేరు. ఇంటి బాకీలో తన వంతు పంపలేదని అన్న మూతి ముడుచును. ఏండ్లుగా తల్లిదండ్రులను చూచుకొన్న కోడలి కష్టమును ఎవరును అడుగరు. అప్పుడు పెద్దలు మీట నొక్కుదురు: “వెనుకటివలె ఉండుము, లేదా వెళ్ళిపొమ్ము.” అతడు వెళ్ళును. గుడిలో అతని చోటు ఖాళీయగును. ఆ సందులోనుండి దిగిన నీరు మనకు కనబడదు.

ఒనేసిము ఫిలేమోను ఇల్లు విడిచినవాడు. పౌలు అతనిని తిరిగి పంపుచు ఏమి చేసెనో చూడుడి. ఆజ్ఞాపించుటకు ధైర్యమున్నను ఆజ్ఞాపింపక, ప్రేమనుబట్టి వేడుకొనెను. మీట నొక్కలేదు. ముందు ఫిలేమోను హృదయమును మట్టము చేసెను, ఏలయన ఆ ఇంటనే సంఘము కూడుచుండెను. ఒనేసిమును వెనుకటి దాసునిగా కాక, ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమనెను. బాకీ ఉన్నయెడల దానిని దాచలేదు, తన లెక్కలో వేయుమనెను. కడపట తనకొక బస సిద్ధపరచుమని వ్రాసెను. బోల్టు బిగించినవాడు మరల కొలుచుటకు వచ్చును గదా!

గనుక ఇంటి పెద్దలారా, వచ్చినవానిని సరిచేయకముందు మీ ఇల్లు మట్టముగా నున్నదా చూచుకొనుడి. ఒక మూల మాట విని తీర్పు చెప్పకుడి. అన్న మాట, తమ్ముని మాట, కోడలి మాట, ముసలి తల్లి మాట, నాలుగును వినుడి. ఒక్క దినములో అంతయు సరికావలెనని బిగింపకుడి. తిరిగి వచ్చిన యౌవనులారా, మీరును ఇంటిని నెట్టకుడి. మీరు లేనప్పుడు ఆ గోడలు మోసిన బరువును తెలిసికొనుడి. సంఘ పెద్దలారా, బాకీయే అడ్డమైనచోట పౌలువలె కొంత మీ లెక్కలో వేసికొనుటకు వెనుకాడకుడి. దూరమందున్నవారి పేర్లు వ్రాసికొని, మెరారీయుల బరువులవలె పేరు పేరున ప్రార్థనలో లెక్కించుడి. కోతల పండుగకు ముందే వారికి ఒక్కొక్క ఉత్తరమో, ఫోనో చేయుడి.

పరలోకపు తండ్రీ, విప్పబడిన మమ్మును నీ చేతితో మరల అమర్చుము. మా ఇంట సందు విడువక ప్రేమతో మూయుము. దూరమున్న మా బిడ్డలను క్షేమముగా తెచ్చి, వారికి చోటిచ్చు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.