పాత కారు, సరియైన త్రాసు



ఈ దినములలో మన గ్రామములలో సైతము ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. కొత్త చిన్న కారు ధరకే వాడిన బెంజి కారో, బి.ఎం.డబ్ల్యు. కారో దొరకుచున్నప్పుడు దానిని కొనుట తప్పా? పట్టణములలో ఉద్యోగము చేయు బిడ్డలు తల్లిదండ్రులను ఇట్లడుగుచున్నారు. పొలము తాకట్టు పెట్టియైనను కొనవలెనని తలంచువారును గలరు. గనుక నెమ్మదిగా విచారింతము.

వస్తువు మేలైనదగుట దోషము కాదు. గట్టి బ్రేకులు, ప్రమాదములో ప్రాణము కాపాడు గాలిసంచులు గల బండిని కోరుట పాపమని యెవరును చెప్పజాలరు. ఒకరు వాడినదానిని మరియొకరు వాడుటలో పొదుపును కలదు. అయితే లెక్క ధరతో ముగియదు.

గోపురము కట్టబూని పునాదితో నిలిచిపోయి నవ్వులపాలైన మనుష్యుని ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో నున్నది. పాత కారుకు చెల్లించు ధర ఆ పునాది వంటిది. కారు ధర ఏటేట తగ్గును గాని దాని విడిభాగముల ధర ఆ విధముగా తగ్గదు. యాభై లక్షల కారు పది లక్షలకు దొరికినను, చెడినప్పుడు వేయవలసినది యాభై లక్షల కారు సామానే. ఆటోమేటిక్ గేరుపెట్టెగాని, గాలితో పనిచేయు సస్పెన్షన్ గాని పాడైన యెడల చిన్న కారు మరమ్మతువలె తేలికగా పోదు. కాబట్టి చేతిలోని సొమ్మంతయు ధరకే పోయక, కొంత మొదటి సంవత్సరపు మరమ్మతులకు విడిగా నుంచుడి. అట్లుంచుటకు మిగులని యెడల ఆ కారు మీ తాహతుకు మించినదే.

ఆమోసు ప్రవక్త దొంగ త్రాసులను గద్దించెను. పాత కార్ల అంగడిలో కిలోమీటర్ల మీటరే త్రాసు. దానిని వెనుకకు త్రిప్పువాడు తూకము తగ్గించు వర్తకుని వంటివాడే. మీటరును సర్వీసు పుస్తకముతో సరిచూడుడి. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2024 సెప్టెంబరులో విజయవాడలోను అనేక వాహనములు వరద నీట మునిగెను. మునిగిన కారును కడిగి, ఆ సంగతి దాచి అమ్ముట అబద్ధమాడుటయే. సీటుబెల్టును చివరివరకు లాగి బురద జాడ చూడుడి. సీట్ల క్రింది బోల్టుల తుప్పును చూడుడి. మీరు నమ్మిన మెకానిక్కుచేత పరీక్ష చేయించుడి.

త్రాసు అమ్మువానికే కాదు, కొనువానికిని కలదు. అంగడిలో వస్తువును తీసివేసి మాటలాడి, ఇంటికి పోయి తన బేరమును పొగడుకొనువానిని సామెతల గ్రంథము 20వ అధ్యాయము ఎరుగును. లోపమున్నచోట చెప్పుడి, లేనిచోట కల్పింపకుడి. అక్కరలో నుండి అమ్ముకొనువాని కష్టమును బేరములో కత్తిగా వాడుకొనకుడి.

మరియు పేరు మార్పును అశ్రద్ధ చేయరాదు. 29, 30 ఫారములపై సంతకములు చేసి రవాణా కార్యాలయములో దాఖలు చేయవలెను. అప్పుపై కొన్న బండియైతే అప్పు తీరినట్లు 35వ ఫారము చూడవలెను. బండి చేతులు మారినను, రిజిస్టరులో పేరున్నవాడే ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మన అలసత్వముచేత అమ్మినవాని మెడమీద మన భారము మోపుట న్యాయమా?

కడపటి ప్రశ్న హృదయమునకు సంబంధించినది. కారు ముందున్న గుర్తును తీసివేసిన యెడల, ఊరిలో ఎవరును గుర్తుపట్టని యెడల, మీరు దానిని కొందురా? కొందుమనగలిగినవారు దాని గుణము కొరకు కొనుచున్నారు. కొనమనువారు ఇరుగుపొరుగువారి కన్నులను కొనుచున్నారు. ఆ సరకు ఎంత ధర పెట్టినను నిలువదు. ఏటేట విలువ తరుగు బండికై, ఏటేట అన్నము పెట్టు భూమిని తాకట్టు పెట్టుట ఏ త్రాసులోను తూగదు.

తల్లిదండ్రులారా, బిడ్డలపై కోపపడక, కాగితము తీసి వారి చేతనే లెక్క వ్రాయించుడి. లెక్క సరిపడి, మాట నిజమై, అప్పు లేక కొనగలిగినవారు కృతజ్ఞతతో కొనవచ్చును. అయితే అర్ధరాత్రి పొరుగింట ప్రసవవేదన వచ్చినప్పుడు, బురద కాళ్ళతో ఎక్కనిచ్చుటకు వెనుదీయకుడి.