ఏండ్ల లెక్కయు, నమ్మకత్వమును

ఒక సేవకుడు ఒకే సంఘములో ఎన్ని యేండ్లు నిలిచెనను దానినిబట్టి అతని నమ్మకత్వమును కొలువవచ్చునా? మన సంఘములలో జూబిలీ కూటములు జరుగునప్పుడు శాలువ కప్పి ఏండ్లు లెక్కించుట వాడుక. లెక్కించుట తప్పు కాదు. ఆ లెక్క దేనిని చూపుచున్నదో విచారింపవలెను.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమందలి కార్స్ లేన్ చాపెల్ చరిత్ర ఈ విచారణకు తగినది. రాజ్యసంఘమైన ఆంగ్లికన్ సంఘమునకు లోబడని నాన్‌కన్‌ఫర్మిస్టులలో కాంగ్రిగేషనల్ శాఖవారి మందిరమది. ఓల్డ్ మీటింగ్ అను సంఘపు బోధ త్రిత్వ విశ్వాసమునుండి తొలగుచున్నదని కలతచెందిన కొందరు వేరుపడి 1748లో దానిని స్థాపించిరి. 1805లో జాన్ ఏంజెల్ జేమ్స్ అను ఇరువది యేండ్ల యువకుడు అచ్చటికి వచ్చెను. మరుసటి యేట అభిషేకము పొంది, 1859లో మరణించువరకు ఆ మందకే కాపరిగా నుండెను. మొదటి యేండ్లలో సంఘము పెరుగలేదు. వేరొక చోటికి వెళ్లుదునా అని అతడు తలపోసెను గాని వెళ్లలేదు. 1820 నాటికి పాత మందిరము చాలక పెద్దది కట్టవలసివచ్చెను.

తెలుగువారికి ఆ 1805వ సంవత్సరము మరియొక విధముగా జ్ఞాపకముండదగినది. కాంగ్రిగేషనల్ సంఘములే ముఖ్యాధారముగా గల లండను మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆ యేటనే విశాఖపట్టణము చేరిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మృతినొందిరి. ఇద్దరి సేవాకాలమును కలిపినను పదేండ్లు నిండవు. అయినను ఆనందరాయర్ అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో డెస్ గ్రాంజెస్ తెలిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. ఆ పుస్తకమును చేతపట్టుకొనుటకు అతడు బ్రదికి లేడు. ద్రాక్షతోట యజమానుడు ఉదయమున వచ్చినవానికిని సాయంకాలమున వచ్చినవానికిని ఒకే కూలి యిచ్చెను గదా! జేమ్స్ యేబదినాలుగేండ్లతో పోల్చి వీరిని తక్కువవారనుటకు ఎవరికి నోరాడును?

అట్లయిన, దీర్ఘసేవకు ప్రత్యేకమైన విలువ లేదా? ఉన్నది. అయితే దానివెంట ఒక శోధనయు నున్నది. ఏండ్లు గడచినకొలది కాపరి మాటకు బరువు పెరుగును. ఆ బరువే “ఇది నా సంఘము” అను భావమునకు దారితీయును. ప్రభువు మందను తన సొత్తుగా నెంచుకొన్న కాపరులు మనకు కొత్తవారు కారు.

జేమ్స్ వృద్ధాప్యమున ఆర్. డబ్ల్యు. డేల్ అను యువకుడు అతనికి సహాయకుడై, 1854లో సహకాపరి యాయెను. రోమీయులకు వ్రాసిన పత్రికపై డేల్ చేసిన ప్రసంగములు కొందరికి రుచింపక సంఘములో అలజడి పుట్టెను. డేల్ వేదాంతము అన్నివిధముల వృద్ధునిది కాదు. జేమ్స్ ఒక్క మాట అనియుండినయెడల ఆ యువకుడు వెళ్లిపోవలసియుండును. యేబదియేండ్లు కూడబెట్టుకొన్న పలుకుబడిని అతడు ఆ పనికి వాడక, ఆ యువకుని కాపాడుటకే వాడెను. అతని సేవ యంతటిలోను మిక్కిలి గొప్పది బహుశః ఇదే. ఏ జూబిలీ లెక్కలోను ఇది చేరదు.

డేల్ 1895లో మరణించువరకు అచ్చటనే కాపరిగా నుండెను. 1861లో జేమ్స్ జీవితచరిత్రను ప్రకటించినవాడును అతడే.