సిర్ర, చిటికెన పుల్ల

లింగాలలో మా పెద్దనాయన ఇంటి ముందు వేపచెట్టు కింద గడ్డిమంట వేశాడు. మంటకు జానెడు ఎత్తున డప్పు పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. తోలు వేడెక్కి బిగుసుకోవాలి. కాస్త ఎక్కువైతే చిట్లిపోతుంది. మధ్యమధ్య వేలితో కొట్టి చెవి ఒగ్గి వింటాడు. పక్కన అరుగు మీద మనవడు ఫోనులో ఎవరో బోధకుడి వీడియో పెట్టుకున్నాడు. టెక్సాస్ నుంచి ఇజ్రాయేలుకు ఐదు ఎర్ర పెయ్యలు విమానంలో వచ్చాయట. లోకాంతం వాకిట్లోకి వచ్చిందట. ఎవరు ఏ పక్కన ఉంటారో ఇవాళే తేల్చుకోవాలట.

"గా పెయ్యల సంగతి నిజమేనా బిడ్డా?" అన్నాడు పెద్దనాయన, డప్పు దించకుండానే.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. ఊరికి వస్తే ఇలాంటి ప్రశ్నలు నాకోసం కాచుకుని ఉంటాయి.

"పెయ్యలు పోయింది నిజమే పెద్దనాయనా. 2022 సెప్టెంబరుల పోయినయి. లోకం అంతమైతదని మాత్రం అవి చెప్పలే, మనుషులే చెప్తున్నరు."

"మరెందుకంట?"

చెప్పాను. యెరూషలేములో యూదుల గుడిని రోమన్లు క్రీ.శ. 70లో తగలబెట్టారు. ఆ గుడి మళ్లీ లేచి అందులో సేవ జరగాలంటే ముందు శవమైల పోవాలి. అందుకు ఎర్ర పెయ్యను కాల్చి, ఆ బూడిద కలిపిన నీళ్లు చల్లాలని సంఖ్యాకాండం 19వ అధ్యాయం విధించింది. పెయ్యకు మచ్చ ఉండకూడదు, దాని మెడ మీద కాడి పడి ఉండకూడదు. వేరే రంగు వెంట్రుకలు రెండు కనబడినా పనికిరాదని తర్వాతి పండితులు ఇంకా బిగించారు. గుడి ఉండిన గుట్ట మీద ఇవాళ అల్ అక్సా మసీదు, బంగారు గుమ్మటం ఉన్నాయి. అందుకే అక్కడ ఒక పెయ్య రంగు కూడా రాజకీయమవుతుంది.

"రెండెంట్రుకలా?" పెద్దనాయన తల ఊపాడు. "సున్నంల నానేసి వెంట్రుక ఊడబెరికి, తంగేడు చెక్క నీళ్లల్ల ఊరబెట్టి, ఎన్ని తోళ్లు చూసిన్నో లెక్కలేదు. ఎంత ఎర్రటి ఆవుకైనా యాడనో ఓ తాన తెల్లపోగు ఉంటది. పొదుగు కాడ చూడు, తోక కొసకు చూడు. గంత సక్కని పెయ్య దొరికేదాక లోకానికేం భయంలే."

"ఇంకో మాట ఉంది పెద్దనాయనా. ఆ బూడిద మైలపడ్డోళ్లను శుద్ధి చేస్తది. కాని పెయ్యను కాల్చినోడు, బూడిద ఎత్తినోడు మైలపడుతరు."

"ఎన్నొద్దులు?"

"సాయంత్రం దాక. బట్టలు ఉతుక్కోవాలె. పొద్దుగూకితే పోతది."

డప్పు తిప్పడం ఆగింది.

"పొద్దుగూకితే పోతదా?" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "మా నాయన సచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చుకపోయి తోలు తీస్తుండె. ఎన్ని పొద్దులు గూకినయో. పోలే."

ఆ అధ్యాయం నేను చాలాసార్లు చదివాను, పాఠంలోనూ చెప్పాను. శుద్ధి చేసేవాడే మైలపడటం ఎంత పెద్ద చిక్కుముడో పిల్లలకు వివరించాను. 'సాయంత్రం వరకు' అన్న రెండు మాటల దగ్గర మాత్రం ఏనాడూ ఆగలేదు. మైలకు గడువు పెట్టిన ధర్మం ఒకటి ఉందని, గడువే లేని మైలలో పుట్టిన మనిషి నాకు చూపించాడు.

మనవడు ఫోను గొంతు తగ్గించాడు. "అత్తా, వాళ్ల మెస్సీయ యాడ ఉంటడు?"

యూదుల తాల్ముడు గ్రంథంలో ఒక కథ ఉంది. ఒక రబ్బీ ఇదే అడుగుతాడు. రోము నగర ద్వారం దగ్గర, రోగుల మధ్య కూర్చుని ఉన్నాడని జవాబు. మిగతావాళ్లు కట్లన్నీ ఒకేసారి విప్పుకుని మళ్లీ కట్టుకుంటారు. అతను మాత్రం ఒక్కో పుండు కట్టు విప్పి, కట్టి, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి పోతాడు. ఏ క్షణాన పిలుపు వచ్చినా ఆలస్యం కాకూడదని.

"ఊరవతల్నే అన్నట్టు," అన్నాడు పెద్దనాయన. ఆదివారం చర్చికి పోతాడు, చైత్ర పున్నమికి సలేశ్వరం లింగమయ్య దగ్గరికి అడవిదారి పట్టేవాళ్లకు నీళ్లు పోస్తాడు. ఈ రెండూ పొసగవని ఆయనకు ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. "మరి అంతమంటే వాళ్లకేంది? పాస్టరు చెప్పేదేనా, ఆకాశం మండుడు, భూమి పగులుడు? మన బ్రహ్మంగారి కాలజ్ఞానం లెక్క?"

"గోగు మాగోగు యుద్ధం వాళ్ల పుస్తకంల గూడ ఉంది. కాని వాళ్ల పెద్దలల్ల పెద్దాయన, మైమోనిడీస్ అని ఈజిప్టుల వైద్యుడు, ఎనిమిది వందల ఏండ్ల కిందనే రాసిండు. మెస్సీయ కాలంల గూడ లోకం ఎప్పటి లెక్కనే నడుస్తదట. ఒకరి కింద ఒకరు అణగి బతికే రాజ్యం మాత్రం పోతదట. ఎప్పుడొస్తదని లెక్కలు కట్టొద్దని గూడ అన్నడు."

"గట్లయితే మంచిదే. మండేదేం లేదు."

అప్పుడు యెహెజ్కేలు కట్టెల గురించి చెప్పాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ కట్టెలే. ప్రవక్తను రెండు కట్టెలు తీసుకోమంటాడు దేవుడు. ఒకదాని మీద యూదా పేరు, రెండోదాని మీద ఎఫ్రాయిము పేరు రాయాలి. రెంటినీ చేతిలో జతచేసి పట్టుకోవాలి, అవి ఒక్క కట్టె అవుతాయి. విడిపోయిన అన్నదమ్ముల రాజ్యం చివరి రోజుల్లో మళ్లీ కలుస్తుందన్న మాట అది. గోగు మాగోగు యుద్ధం ఆ తర్వాతి అధ్యాయంలో వస్తుంది. అరిచే ఫోన్లన్నీ 38వ అధ్యాయం దగ్గర మొదలుపెడతాయి. 37 తెరవని అంత్యకాలం నాకు అక్కర్లేదు.

"ఎఫ్రాయిమోళ్లు ఇప్పుడు ఉన్నరా?"

"మన దగ్గర్నే ఉన్నమంటున్నరు పెద్దనాయనా. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. బెనె ఎఫ్రాయిం అంటరు. మనోళ్లే, మాదిగలు. ముందు బాప్టిస్టులు. 1991ల ప్రార్థనామందిరం కట్టుకున్నరు. శనివారం విశ్రాంతి పాటిస్తరు, హీబ్రూ నేర్చుకుంటరు. గొడ్డుకూర తినుడు గూడ పాత ఇజ్రాయేలు నాటి గుర్తే అంటరు."

"ఇజ్రాయేలోళ్లు ఒప్పుకున్నరా?"

"మణిపూర్, మిజోరంల బెనె మెనషే అనేటోళ్లను 2005ల ఒక ప్రధాన రబ్బీ ఒప్పుకున్నడు. వీళ్లను ఇంక ఒప్పుకోలే."

"మనల్ని ఒప్పుకునుడు యాడైనా ఆలస్యమే," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఎఫ్రాయిము వంశం నిజమో కాదో తేల్చే పని నాది కాదు. ఊరి కథలో చోటు దొరకనివాళ్లు ఇంకో పెద్ద కథలో తమ చోటు వెతుక్కున్నారు. అది కూడా ఎలాంటి చోటు? తప్పిపోయి, ఎప్పటికైనా పిలిపించబడే తమ్ముడి చోటు. ఆ ఎంపికలో ఎంత ఎదురుచూపు ఉందో ఆలోచిస్తే నాకు గొంతు పట్టుకుంటుంది.

"అసలు ఆ అన్నదమ్ములు ఎందుకు ఇడిపోయిన్రు?"

"వెట్టికి."

పెద్దనాయన నా వైపు తిరిగాడు.

సొలొమోను రాజు గుడి కట్టాడు, కోటలు కట్టాడు. కట్టించింది వెట్టిచాకిరితో. ఎఫ్రాయిము గోత్రపువాడు యరొబాము వెట్టివాళ్ల మీద పెద్ద. మన పాలమూరు మాటలో చెప్పాలంటే గుంపు మేస్త్రి. సొలొమోను పోయాక జనం అతని కొడుకు రెహబాము దగ్గరికి వచ్చి కాడి బరువు కాస్త దించమని వేడుకున్నారు. పెద్దమనుషులు దించమన్నారు. తోటి కుర్రవాళ్లు ఇంకా బిగించమన్నారు. రెహబాము కుర్రవాళ్ల మాట విన్నాడు. పది గోత్రాలు విడిపోయాయి. దావీదు నలభై ఏండ్లు, సొలొమోను నలభై ఏండ్లు ఏలారు. ఎనభై నిండేసరికి రాజ్యం రెండు ముక్కలు.

పెద్దనాయన పడుచువయసంతా పాలమూరు లేబరుగా గడిచింది. డ్యాములు, కాలువలు, సొరంగాలు. మేస్త్రి చేతిలో తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఊరి మొఖం చూడలేదు. "గుంపు మేస్త్రి తిరగబడ్డడా?" అని అడిగి, "శానా అరుదు," అని తనే అన్నాడు.

ఆ ఎనభై లెక్క ఇవాళ ఇజ్రాయేలును నిద్రపోనివ్వడం లేదు. రాజ్యం పుట్టింది 1948లో. పాత యూదు రాజ్యాలు ఎనిమిదో దశాబ్దంలోనే లోలోపల చీలిపోయాయన్న భయాన్ని మాజీ ప్రధాని ఎహుద్ బరాక్ 2022లో పైకే అన్నాడు. మరుసటేడు న్యాయవ్యవస్థ మార్పుల మీద జనం నెలల తరబడి వీధుల్లో ఉన్నారు. అంత్యకాలం గురించి కూడా వాళ్లది ఒక్క మాట కాదు. రబ్బీ కూక్ బాట పట్టినవాళ్లకు ఆ రాజ్యమే విమోచనకు తొలి మొలక. సత్మార్ రబ్బీ టైటెల్‌బామ్‌కు అదే రాజ్యం మెస్సీయ కంటే ముందు పడ్డ తొందర, దేవుడి మీద తిరుగుబాటు. ఆ మొలకను చేత్తో పైకి లాగాలనుకున్న కొందరు బంగారు గుమ్మటాన్ని పేల్చే కుట్ర చేసి 1984లో పట్టుబడ్డారు. 1995 నవంబరు 4న ప్రధాని రబీన్‌ను కాల్చి చంపినవాడు పరాయివాడు కాదు, యూదుడే. దేవుడిచ్చిన నేలను వదులుకోవడం ద్రోహమని నమ్మినవాడు. గడువు ముంచుకొచ్చిందని నమ్మే మనిషికి ముందుగా పోయేది ఎదుటివాడి మాట వినే ఓపిక. తెల్లారితే తీర్పు అయినప్పుడు ఇవాళ రాజీ ఎందుకు?

"గంత దూరం ఎందుకు," అన్నాడు పెద్దనాయన. చూపు వీధి అవతలికి పోయింది. అది చిన్నాయన ఇల్లు. సర్పంచ్ ఎన్నికల్లో ఇద్దరూ చెరో జెండా పట్టారు. అప్పటి నుంచి మాటల్లేవు. వచ్చే గురువారం చిన్నాయన బిడ్డ పెండ్లి.

"అందుకే ఆ రెండు కట్టెలు ఒకటి కావాలంటరు," అన్నాను నేను. కాస్త తొందరపడ్డాను.

పెద్దనాయన డప్పు భుజానికి తగిలించుకున్నాడు. కుడిచేతిలో సిర్ర, పొట్టిది, లావుది. ఎడమచేతిలో చిటికెన పుల్ల, సన్నది, పొడుగుది. ఒక దరువు వేశాడు. సిర్ర నడుమ గుద్దింది, పుల్ల అంచు మీద గలగలలాడింది. ఆపి, రెండు పుల్లల్నీ ఒకే పిడికిట్లో పట్టుకుని కొట్టాడు. దబ్బుమంది, అంతే.

"ఒక్క కట్టె అయితే దరువు రాదు బిడ్డా. 1994ల ఈదుమూడి నుంచి మాదిగ దండోరా లేసినప్పుడు ఇదే మాటన్నరు మమ్ముల. ఎస్సీలను చీలుస్తున్నరు, కలిసి ఉండాలె గదా అని. మా వాటా మాకియ్యిమంటే చీల్చుడైతదా? ముప్పై ఏండ్లు పట్టింది."

ముప్పై ఏండ్లు. 2000లో వచ్చిన ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీల 15 శాతం రిజర్వేషన్ మూడు గ్రూపులైంది, ఒకటి, తొమ్మిది, ఐదు. మాల ఇండ్లలో దీనికి బాధపడ్డవాళ్లున్నారు. అంబేడ్కర్ ఒక్కటిగా నిలిపిన జనం విడిపోతారన్న వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెద్దనాయన మాటను అసలే తేలిగ్గా తీసుకోను. కాడి దించమన్నవాడిని చీల్చేవాడని పిలవడం రెహబాము కొలువులోనూ జరిగే ఉంటుంది.

"కాని పెద్దనాయనా, యెహెజ్కేలు పేర్లు చెరిపెయ్యలే. ముందు రెండు పేర్లు రాయమన్నడు, తర్వాతే జతచేయమన్నడు. పేరు రాయకుంట కలిపితే అది కట్టెలమోపే."

ఆలోచించాడు. "రాసినంక ఎట్ల కలుపుతరు? రెండింటికి పడనప్పుడు?"

నాకు తెలిసింది ఒకటే చెప్పగలిగాను. పాత యూదు పండితుల్లో హిల్లేలు బడి, షమ్మాయి బడి అని రెండు పక్షాలు ఉండేవి. ఎవరిని పెండ్లాడితే పిల్లలు సక్రమం, ఎవరిని పెండ్లాడితే అక్రమం అన్నదాని మీదే వాళ్లకు కుదరలేదు. ఏ గిన్నెలో వండితే మైల అన్నదాని మీదా కుదరలేదు. అయినా ఒకరింటి పిల్లను ఇంకొకరు చేసుకోవడం మానలేదు, ఒకరి గిన్నెల్లో ఇంకొకరు వండుకోవడం మానలేదు. వాళ్ల ధర్మగ్రంథం మిష్నా ఈ సంగతిని ప్రత్యేకంగా రాసిపెట్టింది. తర్వాతి తరాలకు ఇది నమ్మశక్యంగా ఉండదని రాసినవాళ్లకు తెలుసేమో.

"వాదం ఇడిచిపెట్టిన్రా?"

"లేదు."

"పిల్లనిచ్చిన్రు?"

"ఇచ్చిన్రు."

"మాలోళ్లకు మాకు గది గూడ లేదు," అన్నాడు. చాలాసేపు మంట వైపు చూశాడు. గడ్డి అయిపోయింది, ఎర్రటి నుసి మిగిలింది. డప్పును అరుగు మీద బోర్లించి మనవడిని పిలిచాడు.

"అటక మీద పెద్ద డేగిశ ఉన్నది గదా. దించు. చిన్నతాతోళ్లకు ఇచ్చిరా. గురువారం నాటికి గంత పెద్దది ఈ వాడల ఇంకోటి లేదు."

"వద్దంటే?"

"వద్దంటే వాకిట్ల పెట్టి రా." పిల్లవాడు లేస్తుంటే వెనక నుంచి మళ్లీ అన్నాడు. "ఓటు సంగతి అడిగితే మాత్రం, నాది అదే జెండా అని చెప్పు."

పిల్లవాడు డేగిశ నెత్తిన పెట్టుకుని వీధి దాటాడు. చీకట్లో అది ఒక్కసారి చిన్నాయన గేటుకు తగిలి మోగింది. అవతల ఎవరో లైటు వేశారు.